బౌండరీ అవతల తిరుపతి

హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేసే వాళ్లను పొద్దున ఇళ్ల దగ్గర ఎక్కించుకుని ఆఫీసులో దింపడం, సాయంత్రం ఆఫీసులో ఎక్కించుకుని ఇళ్ల దగ్గర దింపడం తిరుపతి పని. అలాగని ఆయన డ్రైవరు కాదు. రెండో అంతస్తులో కిటికీ లేని గది ఒకటుంది. దాని పేరు ట్రాన్స్‌పోర్ట్ డెస్క్. తిరుపతి అందులో కూర్చుని నూట నలభై క్యాబులను తిప్పుతాడు. ఏ క్యాబు ఏ సందులో ఎవరి కోసం ఎన్ని గంటలకు ఆగాలో రాసే రోస్టరు ఆయనదే.

ఇన్ని బండ్లు చేతిలో ఉన్న మనిషి ఆఫీసుకు దేనిమీద వస్తాడని మీరడగొచ్చు. పదకొండేళ్ల పాత బైకు మీద వస్తాడు. సంగారెడ్డి నుంచి. నలభై ఎనిమిది కిలోమీటర్లు, బొంబాయి హైవే మీద.

ఈ దుస్థితికి కారకుడెవడో దొరికితే తిరుపతి వాణ్ని ఊరికే వదిలేవాడు కాదు. కానీ ఆ కారకుడు రోజూ పొద్దున అద్దంలో కనిపించి గడ్డం గీసుకుంటూ ఉంటాడు.

ఆరేళ్ల కిందటి మాట. అప్పుడాయన నిజాంపేటలో ఉండేవాడు. ఆఫీసు క్యాబులు ఎంత దూరం పోవాలో ఒక హద్దు గీయమని పైవాళ్లు చెప్పారు. తిరుపతి నగరం మ్యాపు ప్రింటు తీసి, మధ్యాహ్నం తిన్న టిఫిను డబ్బా మూత కడిగి తుడిచి, ఆఫీసు బొమ్మ మీద బోర్లించి, చుట్టూ పెన్నుతో గీశాడు. పడమటి వైపు ఆ గీత బీరంగూడ కమాను దగ్గర ఆగింది. కమానుకు ఇవతల ఉన్నవాళ్లకు ఇంటి ముందుకు క్యాబు వస్తుంది. అవతల ఉన్నవాళ్లు వాళ్ల తిప్పలు వాళ్లు పడి కమాను దాకా రావాలి. దీనికి బౌండరీ అని పేరు పెట్టారు. ఆ రోజు నుంచి ఎవరెంత బతిమాలినా తిరుపతి ఒకటే మాట అనేవాడు. "బౌండరీ అంటే బౌండరీ. ఒకలకు ఇస్తే రేపు అందరు అడుగుతరు." ఆ మాట అన్నప్పుడల్లా తన ఎత్తు రెండంగుళాలు పెరిగినట్టు ఆయనకు అనిపించేది. నిజానికి కుర్చీ ఎత్తుది.

రెండేళ్ల కింద ఆయన భార్య రజితకు బదిలీ అయింది. ఆమె ప్రభుత్వ దవాఖానలో స్టాఫ్ నర్సు. సంగారెడ్డికి వేశారు. సంసారం పోతిరెడ్డిపల్లి చౌరస్తా పక్క వీధిలోకి మారింది. తిరుపతి తాను గీసిన గీతకు తానే అవతల పడ్డాడు. అప్పట్నించి రోజూ బీరంగూడ కమాను కింద బైకు పోనిస్తూ, ఆ రోజు ఇడ్లీల డబ్బా బదులు చపాతీల డబ్బా తెచ్చుకుని ఉంటే మూత ఇంకాస్త వెడల్పుండేది కదా అనుకునేవాడు.

ఆ రోడ్డు గురించి చెప్పాలంటే, అది రోడ్డులా ఉండదు, పగ పట్టిన పాలివాడిలా ఉంటుంది. వెడల్పు చేస్తున్నామని ఎక్కడికక్కడ తవ్వి పెట్టారు. నిన్న కుడివైపు పొమ్మన్న బాణం గుర్తు ఇవాళ ఎడమకు తిరిగి ఉంటుంది. కంకర టిప్పర్లు మీదికొస్తాయి. వాటిని దాటబోయే ఫ్యాక్టరీ బస్సులు ఇంకా మీదికొస్తాయి. ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే ఆటోవాడు, నువ్వే తప్పు వచ్చావన్నట్టు కళ్లురుముతాడు. కార్లవాళ్లకైతే బైకు మీదున్నది మనిషని గుర్తుకు రావడానికి కొంత సమయం పడుతుంది. తిరుపతి కూడా తక్కువ తినలేదు. హెల్మెట్‌లో నోరు పెట్టి పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా తిట్టేవాడు. ఎవరికీ వినపడవు కాబట్టి ఆ తిట్లకు బౌండరీ లేదు.

రజితది అత్యవసర విభాగంలో డ్యూటీ. హైవే మీద పడ్డవాళ్లందరూ ముందు అక్కడికే వస్తారు. రోజూ రాత్రి అన్నాల దగ్గర ఆమె వార్తలు చదివేది.

"ఇయ్యాల ముగ్గురొచ్చిన్రు. ఒకాయన నీ ఈడే. హెల్మెట్ మోచేతికి తగిలిచ్చుకున్నడంట. మోచేయికి ఏం కాలే, మంచిగున్నది."

"తినేటప్పుడు ఎందుకే గివన్ని?"

"నువ్వు తినకుండ ఎప్పుడుంటవో చెప్పు, అప్పుడే చెప్త."

జూలైలో ఒక రోజు ఆమె హాస్యమాడలేదు. చెయ్యి కడుక్కొచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేనాడ వచ్చినోళ్ల పేర్లు అడిగి రాసుకుంట. ఒకనాడు పేరు అడగకుండనే రాసే దినం వస్తదేమోనని రోజు పొద్దుగాల గేటు దిక్కే చూస్త. నాతోని అయితలేదు. రేపు కాయితం ఇచ్చి రా. సంగారెడ్డిల ఏదన్న చూస్కో, లేకుంటే ఇంట్ల కూసో. కాయితం ఇయ్యకుండ వస్తే బండి తాళం నా బ్యాగుల ఉంటది."

తిరుపతి అదే రాత్రి రాజీనామా రాసి, పక్క జిరాక్సు షాపులో ప్రింటు తీయించాడు. 'వ్యక్తిగత కారణాల వల్ల' అని మొదలుపెట్టాడు. ఉద్యోగం తడిసినా రాజీనామా తడవకూడదని ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, చొక్కా జేబులో గుండె పక్కన దాచుకున్నాడు.

తెల్లారి వాన. కంది దాటి రుద్రారం వస్తుండగా రోడ్డు సగానికి మూసి, మట్టిదారిలోకి మళ్లించారు. తిరుపతికి ముందొక టిప్పరు. దాని వెనక హారన్ కొట్టమని పెద్దక్షరాలతో రాసుంది. తిరుపతి కొట్టాడు. అడిగినందుకు కొడితే టిప్పరు పట్టించుకోలేదు. పక్క నుంచి దాటబోయాడు. టిప్పరు కూడా సరిగ్గా అప్పుడే అటు వంగింది. ఆ వెనక చక్రం తన చెవి పక్కన ఎంత ఎత్తున తిరుగుతోందో చూసి తిరుపతి బ్రేకు తొక్కాడు. బైకు ఒక వైపు, తాను ఒక వైపు బురదలో జారిపోయారు. చక్రం ఆయన కాలికి మూరెడు దూరంలో బురద చిమ్ముకుంటూ పోయింది. టిప్పరు ఆగలేదు.

వెనక కారువాడు హారన్ కొట్టాడు. పడ్డందుకు కాదు, దారికి అడ్డంగా పడ్డందుకు. పక్కనే ఒకాయన బైకు ఆపి ఫోను తీశాడు. అంబులెన్సుకు ఫోను చేస్తున్నాడేమోనని తిరుపతి దణ్ణం పెట్టబోయాడు. ఆయన వీడియో తీసుకుని వెళ్లిపోయాడు.

తిరుపతి లేచి, కాళ్లూ చేతులూ లెక్కపెట్టుకుని, బైకు దగ్గరికి పోయేసరికి తెల్ల క్యాబు ఒకటి వచ్చి ఆగింది. దాని అద్దం మీద తన కంపెనీ స్టిక్కరే. డ్రైవర్ కిటికీ నాలుగు వేళ్లు దించాడు.

"తోవకు అడ్డం ఎవలయ్యా పండుకున్నది?" అన్నాడు. తర్వాత పరకాయించి చూశాడు. "ఓ. సారా."

ఆ డ్రైవర్ కిష్టయ్య. అతని ఇల్లు కూడా సంగారెడ్డే. కంపెనీ క్యాబులు డ్రైవర్ల ఇళ్ల దగ్గరే ఉంటాయి. పొద్దున కిష్టయ్య ఇంటి నుంచి ఖాళీ బండి వేసుకుని హైవే మీద ఇరవై ఎనిమిది కిలోమీటర్లు వచ్చి, బీరంగూడ కమాను దగ్గర మొదటి మనిషిని ఎక్కించుకుంటాడు. అంటే తిరుపతి ఒంటి మీద వాన పడుతూ వచ్చే అదే దారిలో, అదే సమయానికి, నాలుగు సీట్లు ఖాళీగా, ఏసీ వేసుకుని ఒక బండి వస్తూనే ఉంటుంది. తిరుపతికి ఈ సంగతి రెండేళ్లుగా తెలుసు. తెలిసినా అందులో ఎక్కే దారి లేదు. ఎందుకంటే ఖాళీ పరుగులో ఎవరినీ ఎక్కించుకోకూడదని, ఎక్కించుకుంటే ఏడు రోజులు డ్యూటీ ఉండదని సర్కులర్ నంబర్ ఏడు ఉంది. దాని కింద సంతకం తిరుపతిది.

కిష్టయ్య గొడుగు తెరిచి దిగాడు. గొడుగు తన మీదే పట్టుకున్నాడు.

"దెబ్బ తాకిందా సార్?"

"లేదు. మోచేయి గీసుకపోయింది, అంతే."

"ఎనక చూస్కున్నరా?"

తిరుపతి చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ప్యాంటు నడుము దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా నిలువునా తెరుచుకుని ఉంది. ఆయన నీలం రంగు నిక్కరు బొంబాయి హైవేను పలకరిస్తోంది. చటుక్కున బైకు సీటుకు ఆనుకుని నిలబడ్డాడు. బైకు హ్యాండిలు వంకరపోయింది, బ్రేకు విరిగింది. ఇక అది కదలదు.

"కిష్టయ్యా, జర..."

"చెప్పున్రి సార్."

"జర ఆఫీసు దాక దింపుతవా?"

కిష్టయ్య గొడుగు మీది నీళ్లు దులిపాడు.

"సర్కులర్ నంబర్ ఏడు సార్. ఖాళీ బండ్ల డ్రైవర్ తప్ప ఈగ గుడ ఉండొద్దు. మీరే రాసిన్రు. ఈగ అని గుడ మీరే రాసిన్రు."

"ఇది ఎమర్జెన్సీ గదా."

"మా పిల్ల పరీక్ష గుడ ఎమర్జెన్సీనే ఉండె."

తిరుపతికి ఆ సంగతి గుర్తులేదని చెప్పలేం. మార్చిలో కిష్టయ్య కూతురు రోహిణికి ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు. ఒక రోజు బస్సు తప్పిపోతే కిష్టయ్య ఆమెను ఖాళీ బండిలో పటాన్‌చెరు సెంటరు దగ్గర దింపాడు. క్యాబు ముందు అద్దం దగ్గర చిన్న కెమెరా ఉంటుంది. రోస్టరులో పేరు లేని మనిషి సీటులో కనిపిస్తే ఫొటో తీసి డెస్కుకు పంపుతుంది. ఆ కెమెరాలు పెట్టించింది తిరుపతే. నలుగురికీ బుద్ధి రావాలని, అలాంటి ఫొటోలను డ్రైవర్లందరూ ఉండే వాట్సాప్ గ్రూపులో పెట్టే పద్ధతి కూడా ఆయనదే. రోహిణి ఫొటో కింద 'అనధికార ప్రయాణికురాలు' అని స్వయంగా టైపు చేసి పెట్టాడు. కిష్టయ్య ఏడు రోజులు ఇంట్లో కూర్చున్నాడు.

"సరేతియ్. నేను బస్సుకు పోత," అన్నాడు తిరుపతి, ప్యాంటు రెండు అంచులనూ ఒక చేత్తో కలిపి పట్టుకుని.

"గట్లనే పోతరా బస్సుల?"

తిరుపతి ప్యాంటు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. కిష్టయ్య బైకును పక్కనున్న పంక్చరు షాపు దాకా నెట్టుకెళ్లి పెట్టి వచ్చాడు. వెనక డోరు తెరిచి, సీటు మీద ఒక ప్లాస్టిక్ యూరియా సంచి పరిచాడు.

"ఎక్కున్రి. సంచి మీదనే కూసోన్రి. సీటు కరాబైతే సర్కులర్ నంబర్ నాలుగు."

"కెమెరా ఉన్నది."

"ఉన్నది."

"ఏడు దినాల డ్యూటీ పోతది నీది."

"పోతే పోనీ సార్," అన్నాడు కిష్టయ్య తాపీగా. "ఫొటో అయితే వస్తది గదా."

తిరుపతికి అర్థమైంది. అర్థమయ్యీ ఎక్కాడు. కుడివైపు కూర్చోబోతే కిష్టయ్య వద్దన్నాడు.

"ఎడమ దిక్కు కూసోన్రి. మా రోహిణి ఆడనే కూసుంది."

బండి కదిలింది. అద్దం దగ్గర ఎర్ర చుక్క ఒకసారి వెలిగి ఆరింది. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, నోరు తెరుచుకుని, తిరుపతి దానివైపే చూస్తూ దొరికిపోయాడు.

ఇస్నాపూర్ దాకా వైపర్లే కొట్టుకున్నాయి. చివరకు తిరుపతే అడిగాడు.

"పాప పరీక్ష ఎట్ల రాసింది?"

"రాసింది. పాసయింది. గని ఆ ఫొటో ఏ డ్రైవర్ కొడుకు సూసిండో ఏమో, కాలేజీకి పోయింది. ఇగ ఆమెను పేరు పెట్టి పిలుస్తలేరు సార్. అనధికార, అనధికార అని పిలుస్తున్నరు. కాలేజీ తెరిసినంక నెల దినాలు పోనంది."

"నేను మొఖం సూడలే కిష్టయ్యా. సీటే సూసిన."

కిష్టయ్య అద్దంలోంచి ఆయన్ను చూశాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

బీరంగూడ కమాను దగ్గర ఎక్కే మొదటి మనిషి స్రవంతి. ఆమె ఇల్లు పటాన్‌చెరులో, సరిగ్గా ఈ హైవే పక్కనే. టిఫిను మూతకు ఐదు కిలోమీటర్ల అవతల. కిందటేడు డెస్కు దగ్గరికొచ్చి, ఖాళీ బండి మా ఇంటి ముందు నుంచే వస్తుంది కదా, అక్కడే ఎక్కుతానని అడిగింది. తిరుపతి మ్యాపు చూపించాడు. అప్పట్నించి ఆమె రోజూ సాయంత్రం యాప్‌లో ట్రాన్స్‌పోర్ట్‌కు ఐదు చుక్కల రేటింగులో ఒక్క చుక్క మాత్రం ఇచ్చి ఇంటికి వెళ్తుంది. సగానికి తగ్గించే వీలుంటే అరచుక్కే ఇచ్చేది.

ఆమె గొడుగు దులుపుకుంటూ ఎడమ డోరు తెరిచింది. యూరియా సంచి మీద తిరుపతి కనిపించాడు.

"అంకుల్?"

"ఊఁ."

"మీ పేరు రోస్టర్‌ల ఉన్నదా?"

"లేదు మేడం," అన్నాడు కిష్టయ్య ముందు నుంచి, ఆయనకు శ్రమ లేకుండా.

"ఏడ ఎక్కిన్రు?"

"రుద్రారం," అన్నాడు మళ్లీ కిష్టయ్యే.

స్రవంతి చుట్టూ తిరిగి వచ్చి కుడివైపు కూర్చుంది. ఆమె సల్వారు మోకాళ్ల దాకా తడిసి ఉంది. లింగంపల్లి దాకా దాన్నే పిండుకుంది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"అంటే మా ఇంటి ముంగట్నుంచే వచ్చిన్రన్నట్టు. నేనాడ ఆటో కోసం నలభై నిమిషాలు వానల నిలవడ్డ. లోపల్నుంచి నేను మీకు కనవడ్డనో లేదో."

స్టాండులో ఉన్న కిష్టయ్య ఫోను టింగుమంది. మళ్లీ టింగుమంది. ఆ తర్వాత ఆగలేదు. కిష్టయ్య సిగ్నల్ దగ్గర ఒకసారి చూసి, ఫోనును వెనక్కు తిప్పి చూపించాడు. గ్రూపులో తిరుపతి ఫొటో. తెరిచిన నోరు, బురద మొహం, కింద యూరియా కంపెనీ పేరు కూడా స్పష్టంగా కనపడుతోంది. దాని కింద: 'ఉల్లంఘన. సర్కులర్ 7. అనధికార ప్రయాణికుడు.' నూట నలభై మంది డ్రైవర్లలో అప్పటికే డెబ్బై మంది బొటనవేలు పైకెత్తారు. ఒకాయన పూలమాల పెట్టాడు.

అంతలో డెస్కు నుంచి ఫోను వస్తే కిష్టయ్య స్పీకరు నొక్కాడు. అవతల రసజ్ఞ. కాకినాడ అమ్మాయి, చేరి ఆరు నెలలైంది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. ఇంతకాలం తిరుపతికి ఆమెలో నచ్చిన గుణం అదే.

"సార్ ఉన్నారాండి? సార్, పెట్టేశాక చూశానండి మీరేనని. బురదలో గుర్తుపట్టలేదండి."

"తీసెయ్ అమ్మా దాన్ని."

"గ్రూపు అడ్మిన్ మీరొక్కరేనండి. నేను పెట్టింది నేను తీసేద్దామన్నా, ఉల్లంఘన ఫొటో తీసేస్తే మెమో అని మీరే రాసి గోడకి అంటించారండి."

తిరుపతి తన ఫోను తీశాడు. దాంట్లోంచి నీళ్లు కారాయి. స్రవంతి కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలించింది. ఏడ్చిందని మాత్రం అనుకోకండి.

ఆఫీసు గేటు నుంచి రెండో అంతస్తు దాకా తిరుపతి గోడకు వీపు ఆనించి, ఎండ్రకాయలా నడిచాడు. సెక్యూరిటీ వాళ్లు ఎన్నడూ లేనంత గట్టిగా సెల్యూట్ కొట్టారు. డెస్కులో రసజ్ఞ మరోవైపు తిరిగి నిలబడి స్టాప్లరు అందించింది. బాత్రూములో నిలబడి ప్యాంటుకు ఇరవై మూడు పిన్నులు కొట్టుకున్నాడు. ఇరవై నాలుగోది ప్యాంటుకు కాకుండా ఇంకోచోట దిగింది.

తొమ్మిదిన్నరకు మేనేజర్ సాయిచంద్ పిలిచాడు. ముప్పై ఏళ్లవాడు. కుర్చీలో కూర్చోడు, ఎత్తు బల్ల దగ్గర నిలబడి పనిచేస్తాడు. ఎదుటివాళ్లను కూర్చోమనడం కూడా మర్చిపోతాడు. ఆ రోజు తిరుపతికి అదే మేలైంది.

"తిరుపతి గారూ, ఫొటో నా దాకా వచ్చింది. డ్రైవర్‌ని సెవెన్ డేస్ ఆఫ్ చేసి, పదకొండులోపు ఫామ్ సైన్ చేయండి."

"బండి పడ్డది సార్. ఆయన సాయం చేసిండు."

"రూల్ మీదే కదా. ఒకళ్లకు ఇస్తే రేపు అందరూ అడుగుతారు."

ఆ వాక్యం తన నోట్లోంచి ఆరేళ్లుగా వస్తున్నా, బయటి నుంచి వింటే ఎలా ఉంటుందో తిరుపతికి అప్పుడే తెలిసింది. ఖాళీ డబ్బా మీద మూత పెట్టినట్టుంది.

"ఆయన తప్పు లేదు సార్."

"అయితే సర్కులర్ విత్‌డ్రా చేయండి. ఇచ్చింది మీరు, తీసేది కూడా మీరే. రీజన్ రాయాలి. సేమ్ రూల్ మీద పాత కేసు ఏదైనా ఉంటే అది కూడా తప్పని గ్రూపులో క్లోజ్ చేయాలి. లేకపోతే ఆడిట్‌లో నన్ను అడుగుతారు. అంతే. నాకు పదింటికి కాల్ ఉంది." ల్యాప్‌టాప్ నుంచి తలెత్తాడు. "ఇంకేమైనా ఉందా?"

ఉంది. జేబులో, ప్లాస్టిక్ కవరులో, ఒంటి మీద ఉన్న వస్తువులన్నిటిలోకీ పొడిగా ఉంది. తిరుపతి చెయ్యి అక్కడిదాకా వెళ్లింది.

ఆ కాగితం ఇచ్చేస్తే ఎంత సుఖమో చూడండి. రజితకిచ్చిన మాట నిలుస్తుంది. రేపటి నుంచి టిప్పర్లు ఉండవు. గ్రూపులోంచి బయటపడితే ఆ ఫొటో మొహం మళ్లీ చూడక్కర్లేదు. పాత కేసు గురించి ఎవరికీ ఏమీ రాయక్కర్లేదు. కిష్టయ్య మాత్రం ఏడు రోజులు ఇంట్లో కూర్చుంటాడు, మళ్లీ. ఆ ఎడమవైపు సీటు అలాగే ఖాళీగా, వానలో నిలబడ్డవాళ్ల ముందు నుంచి పోతూ ఉంటుంది. ఉద్యోగం మానేయడానికి ఒక్క కారణమే ఉందని రాత్రి అనుకున్నాడు. పొద్దునయ్యేసరికి పారిపోవడం అనే రెండో కారణం కూడా దాంట్లో వచ్చి కూర్చుంది. అది ఆయనకే సిగ్గనిపించింది.

"ఏం లేదు సార్," అన్నాడు.

డెస్కుకు వచ్చి రసజ్ఞ ఫోను అడిగి తీసుకున్నాడు. ఆరు వాక్యాలు రాయడానికి ముప్పావు గంట పట్టింది. మొదట 'సాంకేతిక కారణాల వల్ల' అని రాశాడు. కొట్టేశాడు. 'పొరపాటున' అని రాశాడు. అదీ కొట్టేశాడు. చివరకు గ్రూపులోకి వెళ్లింది ఇది:

'సర్కులర్ నంబర్ 7 రద్దు చేస్తున్నాను. కిష్టయ్య డ్యూటీ ఆగదు. మార్చిలో కిష్టయ్య గారి అమ్మాయి ఫొటో ఇక్కడ పెట్టింది నేనే. ఆమె ఒళ్లో పరీక్ష ప్యాడ్ కనిపించింది, కనిపించినా పెట్టాను. తప్పు నాది. పిల్లకు క్షమాపణ చెబుతున్నాను. ఇట్లు, తిరుపతి, ట్రాన్స్‌పోర్ట్ డెస్క్.'

ఈసారి గ్రూపులో ఎవరూ బొటనవేళ్లు ఎత్తలేదు. నూట నలభై మంది చదివి ఊరుకున్నారు. అది వేళాకోళం కన్నా కష్టంగా ఉంది.

తర్వాత కొత్త నియమం రాశాడు. బౌండరీ అవతల ఉండే ఉద్యోగులు రోస్టరులో పేరు వేయించుకుని, ఖాళీ పరుగులో ఎక్కవచ్చు. డ్రైవర్‌కు ఇష్టమైతేనే. కిష్టయ్య బండి కింద రెండు పేర్లు: స్రవంతి, తిరుపతి.

"డ్రైవర్‌కి ఇష్టమైతేనే అని ఎందుకండి?" అంది రసజ్ఞ. "ఇష్టం లేదంటే మీరెలా వస్తారండి?"

"రాయమ్మా, అట్లనే రాయి."

సాయంత్రం రెండు బస్సులు మారి ఇంటికి చేరేసరికి గుమ్మంలో రజిత. ప్యాంటు పిన్నులు చూసింది, మోచేయి చూసింది. లోపలికి తీసుకెళ్లి డెటాల్ పోసింది. ఎంత మంట పుట్టేలా పోయవచ్చో ఆమెకు వృత్తిరీత్యా తెలుసు.

"ఇచ్చినవా కాయితం?"

"లే."

ఆమె ఇంకొంచెం డెటాల్ పోసింది. తిరుపతి టిప్పరు దగ్గర్నుంచి కొత్త నియమం దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. చక్రం ఎంత దూరంలో పోయిందో చెప్పినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. యూరియా సంచి దగ్గర మొహం అటు తిప్పుకుంది. పరీక్ష ప్యాడ్ దగ్గర మాత్రం నేరుగా ఆయన మొహంలోకి చూసింది.

"గా పిల్లను గట్ల చేసినవా? నాకెన్నడు చెప్పలే."

"ఇయ్యాలనే చెప్పుకున్న. అందరికి."

రజిత ఆయన జేబులోంచి కవరు తీసి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. బైకు తాళం కూడా అందులోనే వేసింది.

"బండి రిపేర్ చేపిచ్చినా, దాని మీద మల్ల హైవే ఎక్కేది లేదు. ఆ కార్ల వస్తవా, ఉద్యోగం చెయ్. బస్సులల్ల వారం చూస్త. కిష్టయ్య ఆపకపోతే ఈ కాయితం నేనే తీస్కపోయి మీ సారుకిచ్చి వస్త."

మర్నాడు ఆరుంబావుకు తిరుపతి చౌరస్తాలో టిఫిను డబ్బాతో నిలబడ్డాడు. తెల్ల క్యాబు వచ్చింది. దగ్గరకొచ్చి మెల్లగైంది. కిష్టయ్య ఆయన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, గేరు మార్చుకుని వెళ్లిపోయాడు. తిరుపతి రెండు బస్సులు మారి గంట ఆలస్యంగా ఆఫీసు చేరాడు. రోస్టరులో స్రవంతి పేరు ఎదురుగా 'ఎక్కారు, పటాన్‌చెరు' అని ఉంది. తన పేరు ఎదురుగా 'డ్రైవర్ నిరాకరణ' అని ఉంది. ఆ సాయంత్రం యాప్‌లో స్రవంతి రెండు చుక్కలు ఇచ్చింది.

రెండో రోజూ అంతే. కాకపోతే ఈసారి క్యాబు పూర్తిగా ఆగింది. తిరుపతి డోరు దాకా పరుగెత్తాక కదిలింది. సోడా బండి దగ్గర నిలబడ్డవాళ్లు నవ్వారు. తిరుపతి సెల్లు చూసుకుంటున్నట్టు నటించాడు. అది ఇంకా బియ్యం డబ్బాలో ఆరుతోందని, చేతిలో ఉన్నది టిఫిను డబ్బా అని కాసేపటికి గుర్తొచ్చింది.

మూడో రోజు రజిత డ్యూటీకి పోతూ స్కూటీ చౌరస్తాలో రోడ్డుకు అవతల ఆపి నిలబడింది. హ్యాండ్‌బ్యాగు భుజానికి ఉంది. తిరుపతి ఆ బ్యాగు వైపు చూడలేదు.

క్యాబు వచ్చి ఆగింది. తిరుపతి ఈసారి కదలకుండా నిలబడ్డాడు. కిటికీ నాలుగు వేళ్లు దిగింది.

"నేను ఏడు దినాలు అనుకున్న సార్," అన్నాడు కిష్టయ్య. "మా పిల్ల మెసేజ్ చదివింది. రెండు దినాలు చాలు నాయినా అన్నది. లేకుంటే వచ్చే బేస్తారం దాక నిలవడుతుంటిరి."

తిరుపతి తలూపి డోరు మీద చెయ్యి వేశాడు. తాళం పడి ఉంది.

"ఓటీపీ చెప్పున్రి సార్."

"కిష్టయ్యా, నేనే గదా."

"ఎవలైనా సరే, ఓటీపీ లేంది డోర్ తియ్యొద్దు. సర్కులర్ నంబర్ రెండు. అది రద్దు చెయ్యలే మీరు."

తిరుపతి రజిత వైపు చూశాడు. ఫోను బియ్యంలో ఉంది కాబట్టి నిన్ననే ఆమె నంబరు ఇచ్చి ఉంచాడు. రజిత బ్యాగు తెరిచింది. ప్లాస్టిక్ కవరు పక్కకు నెట్టి ఫోను తీసి, రోడ్డుకు అవతల నుంచి, లారీల మోతలో, వార్డులో రోగుల పేర్లు పిలిచినంత గట్టిగా నాలుగు అంకెలు చదివింది.

డోరు తెరుచుకుంది. ఎడమవైపు సీటు మీద యూరియా సంచి పరిచే ఉంది.

"ఇయ్యాల బురద లేదు గదా," అన్నాడు తిరుపతి.

"ఉండనియ్యున్రి సార్," అన్నాడు కిష్టయ్య గేరు వేస్తూ. "అలవాటైతది."